ఖాళీ గిన్నె తిరిగిచ్చినవాడు

షిఫ్టు 4031

గాలి జల్లెడలు పన్నెండూ విప్పి దులిపాను. చంద్రుడి దుమ్ము ఎంత దులిపినా గోళ్ళలో మిగిలిపోతుంది, టపాకాయలు కాల్చిన వాసన కొడుతుంది. తాగునీటి గొట్టం రెండుచోట్ల కారుతుంటే పట్టీలు వేశాను. మూడో సొరంగంలో ఆట యంత్రాలు నలభై రెండూ పనిచేస్తున్నాయి.

ఇంతవరకూ రాస్తే నా డ్యూటీ అయిపోయినట్టే. ఈ మరమ్మతు చిట్టా ఆరేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకే మిగతాది కూడా ఇక్కడే రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఇవాళ భోజనాల హాల్లో కౌండిన్యకి శాలువా కప్పారు. పాత నిద్రసంచి కత్తిరించి కుట్టిన శాలువా అనుకోండి, అయినా శాలువాయే. ‘పక్కిల్లు’ ఆట తయారుచేసి మంచు గనిలో పనిచేసేవాళ్ళ మనసులు కుదుటపరిచినందుకట. ఆ ఆట తయారుచేసింది మా అక్క హైమ. ఆరేళ్ళు కూర్చుని, ఒక్కో ఇల్లూ, ఒక్కో మనిషినీ చేతులారా రాసుకుంది. ఆటల అధికారి కౌండిన్య చేసింది దాని మీద తన పేరు వేసుకోవడం. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

షిఫ్టు 4032

జల్లెడలు సరే. గొట్టం సరే.

కౌండిన్య మా అక్కని ఎలా చంపాడో రాస్తాను. కత్తితో కాదు, కాగితంతో.

ఇక్కడ ప్రతి మనిషికీ షిఫ్టు కాగానే ఒక విశ్రాంతి గంట ఉంటుంది. తలకి కళ్ళజోడు పెట్టుకుని పక్కిల్లు ఆడాలి. చేతికి పట్టీ ఉంటుంది. గంట ముగిసేసరికి నాడి డెబ్బై ఐదు లోపుకి రావాలి. వరసగా పది విశ్రాంతి గంటల్లో అలా రాకపోతే ఆ మనిషి గనికి పనికిరాడని భూమికి దింపేస్తారు. ఆటలో లోపం ఉందని తేలితే మాత్రం ఆ పదీ లెక్కలోకి రావు. ఈ నియమం రాసింది కౌండిన్యే.

అక్క ఆటలో శేషమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఎదురింట్లో ఉంటుంది. పిలిస్తే పలకదు, నచ్చకపోతే మొహం మీదే తలుపేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఫిర్యాదు చేశారు, హాయిగా ఉండాల్సిన ఆటలో ఈ ముసలిదాని సణుగుడేమిటని. కౌండిన్య ఫిర్యాదుల జాబితా చూశాడే తప్ప శేషమ్మ గడప ఒక్కసారీ తొక్కలేదు. ఆమెను తీసేయించాడు. మిగతా అందరి మొహాలకీ నవ్వులు అతికించాడు.

అక్క ఆ నవ్వుల మధ్య కూర్చోలేకపోయింది. తన పిల్లల్ని ఎవరో బొమ్మలు చేసి నిలబెట్టినట్టు అనిపించిందట. పది గంటలూ నాడి తొంభై దిగలేదు. ఆటలోనే లోపముందని అక్క ఫిర్యాదు రాసింది. కౌండిన్య దాని కింద ‘ఆటలో లోపం లేదు, మనిషిలోనే ఉంది’ అని రాసి సంతకం పెట్టాడు.

అక్క ఇక్కడ పదమూడేళ్ళు బతికింది. అన్నేళ్ళు తేలికగా కొట్టుకున్న గుండెని ఒక్కసారి భూమి బరువు కిందికి దింపితే ఏమవుతుందో ఇక్కడ వంటవాణ్ణి అడిగినా చెబుతాడు. దిగిన నలభయ్యో రోజున ఆగిపోయింది.

కౌండిన్య వచ్చి పదకొండేళ్ళయింది. అతని గుండె కూడా తేలికదే. ఈ సంగతి రోజూ పళ్ళు తోముకునేటప్పుడు గుర్తుచేసుకుంటాను.

షిఫ్టు 4040

గనిలో మంచు తవ్వే బండి నడిపే మస్తాన్ బాబాయ్ కళ్ళజోడు పగిలిందని తెచ్చాడు. దానంతటదే పగల్లేదు, ఆయనే గోడకి కొట్టాడు.

“ఏంది బాబాయ్, ఇంత కోపం?”

“కోపం గాక ఏంది అమ్మాయ్? ఆ ఊళ్ళో ఎవురిని జూసినా పళ్ళికిలిస్తా ఉండారు. నేను నాలుగు రోజులు పోకపోయినా నవ్వే, పోయినా నవ్వే. నేనుంటే ఏంది, లేకుంటే ఏంది వాళ్ళకి?”

“కొత్తగా నాలుగొందల రకాల కర్టెన్లు పెట్టారుగా.”

“కర్టెన్లు జూసుకుంటా బతకమంటావా? ఆ ముసలామె ఉన్నప్పుడు బాగుండె. ఒకసారి నా మింద అలిగి పన్నెండు రోజులు మాట్లాడలా. ఆ పన్నెండు రోజులూ గనిలో కూడా ఆ యమ్మ గురించే ఆలోచిస్తా ఉండా, ఏం జేస్తే తలుపు తీస్తదా అని. తీసినరోజు నాకు పండగ!”

నవ్వాను. అక్క సరిగ్గా ఇదే చెప్పేది. ప్రశాంతమైన ఆటలు నెల తిరిగేలోగా చప్పబడిపోయేది వాటిలో కష్టం లేక కాదు, అక్కడివాళ్ళకి మనతో తప్ప ఇంకో పని లేక అనేది. మనం వెళ్ళకముందు కూడా ఆ వీధిలో ఎవరో కూర తరుగుతూ ఉండాలి. మనం చేసిన పని వాళ్ళు గుర్తుంచుకోవాలి. మన మీద అలగగలిగితేనే వాళ్ళు మనవాళ్ళు. పూలకుండీలు, పెరళ్ళు ఎన్ని పెట్టినా ఈ మూడూ లేకపోతే అది బొమ్మలకొలువే.

కళ్ళజోడు బాగుచేస్తుంటే బుర్రలో ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. ఇక లేవలేదు.

షిఫ్టు 4043

అక్క పాత ఫైళ్ళు నా దగ్గరున్నాయి. ‘పాత పాత్రల పునరుద్ధరణ, నాడి మెరుగుదల కోసం’ అని ఒక అర్జీ రాసి కౌండిన్య బల్ల మీద పెట్టాను. చదవకుండానే సంతకం పెట్టాడు. అక్క ఫిర్యాదైనా పూర్తిగా చదివాడో లేదో.

శేషమ్మ తిరిగొచ్చింది. వీధిలో నవ్వులన్నీ పీకేశాను. మస్తాన్ బాబాయ్ గంట ముగించుకుని నా గది ముందుకొచ్చి, నా తల మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు.

షిఫ్టు 4047

వల వేశాను.

ఆటలో కౌండిన్య ఇల్లు శేషమ్మ ఇంటికి ఎదురుగా ఉంది. ఇవాళ శేషమ్మ అతనికి గిన్నెతో పులిహోర పంపింది. అది అక్క పెట్టిన పద్ధతి. శేషమ్మకి కొత్తైన ఎవరికైనా మొదట గిన్నె వస్తుంది. ఆ తర్వాత ఆట ఏమీ చెప్పదు.

మా ఇళ్ళలో ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపరు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. మా అమ్మ, అమ్మమ్మ, అందరూ అంతే. కౌండిన్య ఏడేళ్ళ వయసు నుంచి హాస్టళ్ళలో పెరిగి, అక్కడినుంచి నేరుగా ఇక్కడికొచ్చాడు. పళ్ళెం కడిగి అప్పగించడమే అతనికి తెలిసిన మర్యాద.

పులిహోర తిన్నాడు. గిన్నె మూడుసార్లు తోమాడు. తళతళలాడుతున్న ఖాళీ గిన్నె పట్టుకెళ్ళి, ఎంత తొందరగా తిరిగిచ్చానో చూడండి అన్నట్టు నిలబడ్డాడు. శేషమ్మ గిన్నెలోకి చూసింది, అతని మొహంలోకి చూసింది, తలుపేసింది.

పక్కన తెరలో అతని నాడి చూస్తూ కూర్చున్నాను. ఎనభై నాలుగు. పదిలో ఒకటి.

షిఫ్టు 4049

నీళ్ళ ట్యాంకులో మంచు పేరుకుంది, గీకాను. చేతులు తిమ్మిరెక్కాయి.

రెండోసారి గిన్నె వచ్చింది. రెండోసారీ కడిగి ఖాళీగా ఇచ్చాడు. ఇక వీధి మొత్తం మారిపోయింది. కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు మాటలాపేస్తారు. కూరలబండివాడు ఇతని గుమ్మం దాటి ఆగుతాడు. ఎవరూ తిట్టరు, కారణం చెప్పరు. నాడి తొంభై ఒకటి. మూడు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. అక్క ఎవర్నీ ఉత్తినే ఏడిపించే రకం కాదు. రెండోసారి గిన్నె ఖాళీగా ఇస్తే, పక్కింటి కామాక్షి అనే పిల్ల కుళాయి దగ్గర బిందె కడుగుతూ తనలో తాను అనుకుంటున్నట్టు అంటుంది, “మా అమ్మయితే గిన్నెలో చిటికెడు పంచదారైనా వెయ్యకుండా పంపదు” అని. ఒక్కసారే అంటుంది. వినేవాడు వింటాడు.

ఆ మాట నేను తీసేశాను. కామాక్షి బిందె కడుగుతుంది, నోరెత్తదు.

తప్పని నాకు తెలుసు. అక్కకి ఒక్కరైనా దారి చూపించారా?

షిఫ్టు 4052

ఆరు.

కౌండిన్య నా గదికి వచ్చాడు. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

“నీరజాక్షి గారూ, ఆ శేషమ్మ పాత్ర సరిగ్గానే నడుస్తోందా? నేనేం చేసినా తలుపు తీయడం లేదు.”

“మిగతావాళ్ళకి తీస్తోంది సార్. నాడులన్నీ దిగాయి, చూశారుగా.”

“చూశాను. అందుకే అడుగుతున్నాను. అంటే లోపం నాలో ఉందంటారా?”

నా నోటి చివరిదాకా వచ్చింది, ‘ఆ మాట మీరే రాశారు కదా ఒకప్పుడు’ అని. మింగేశాను.

“నేనెలా చెప్పగలను సార్? మీరే తయారుచేసిన ఆటాయె.”

మొహం మాడిపోయింది. తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట భోజనం ఎంత రుచిగా అనిపించిందో! గొట్టంలోంచి పిండుకునే పప్పుముద్దే, అయినా రెండు తిన్నాను.

షిఫ్టు 4054

ఎనిమిది. ఇవాళ అతను వీధిలో ఏమీ చేయలేదు. శేషమ్మ ఇంటి ఎదురుగా అరుగు మీద కూర్చుని ఆమె ఏం చేస్తోందో చూస్తూ ఉండిపోయాడు. ఆమె చింతపండు పిక్కలు తీసింది, దీపం ఒత్తులు చేసుకుంది, పిల్లిని తిట్టింది. గంటంతా అదే చూశాడు. అతని పెరట్లో దొండపాదు కాపుకొచ్చింది. కోసుకోవడం కూడా మర్చిపోయాడు.

ఆడుతున్నాడు. మొదటిసారి నిజంగా ఆడుతున్నాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

షిఫ్టు 4055

తొమ్మిది. కొంప మునిగేలా ఉంది.

భోజనాల వరసలో కౌండిన్య తన పళ్ళెం పట్టుకుని మస్తాన్ బాబాయ్ పక్కన నిలబడ్డాడు. అంత పెద్ద అధికారి, గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ అడిగాడు. నేను వెనకే ఉన్నాను.

“మస్తాన్ గారూ, ఆ ఎదురింటి పెద్దావిడకి గిన్నె ఎలా ఇవ్వాలండీ?”

బాబాయ్ పళ్ళెం చేత్తోనే అతని వైపు తిరిగాడు.

“ఎట్టా ఇచ్చినారు ఇన్నాళ్ళూ?”

“కడిగి ఇచ్చాను. శుభ్రంగా.”

“వొట్టిదా?”

“వట్టిదే.”

“ఓరి నాయనో! మీ అమ్మ చెప్పలేదా సారూ?”

“అమ్మ లేదండీ. నాకు ఊహ తెలిసేసరికే.”

బాబాయ్ అతనికి దగ్గరగా జరిగాడు. “వొట్టి గిన్నె ఇయ్యగూడదు సారూ. ఏదో ఒకటి ఎయ్యాల. నీ పెరట్లో ఏముంటే అది. పెద్దది అక్కర్లా.”

నేను యంత్రాల గదికి పరిగెత్తాను. శేషమ్మ నియమాలు తెరిచాను. గిన్నెలో ఏదైనా తెస్తే తలుపు తీయాలి, ఇదీ అక్క రాసిన వాక్యం. దాన్ని చెరిపేస్తే రేపు అతను దొండకాయలు కాదు, పంచభక్ష్య పరమాన్నాలు తెచ్చినా తలుపు తెరుచుకోదు. పది నిండుతాయి.

వేలు మీట మీదే ఉంది. చాలాసేపు ఉంది. కామాక్షి మాట తీసేసినప్పుడు ఇంతసేపు పట్టలేదు. ఇది వేరు. తలుపు ఎప్పటికీ తీయని శేషమ్మ శేషమ్మ కాదు, గోడ. అక్క ఆరేళ్ళు కూర్చుని గోడని రాయలేదు.

మూసేశాను. వాడు బతికిపోతే పోయాడు. ఇంకో దారి వెతుక్కుంటాను, కానీ అక్కని రెండోసారి చంపలేను.

షిఫ్టు 4056

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నాలుగు దొండకాయలు కోసి తన ఇంటి గిన్నెలో వేసుకుని వెళ్ళాడు. అప్పటికి నాడి డెబ్బై ఒకటి. హాయిగా ఉన్నాడు. నేను పక్క గదిలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

తలుపు కొట్టాడు. శేషమ్మ తీసింది. గిన్నెలోకి చూసింది. దొండకాయ ఒకటి తీసి గిల్లి, లేతదే అని చూసుకుంది. తర్వాత అంది:

“ఏడిశావులే. లోపలికొచ్చి కూర్చో.”

ఆ మాట అక్కది. అచ్చం అక్క గొంతు. ఎవరు ఏ తప్పు చేసి వచ్చినా అక్క అలాగే అనేది. పదకొండేళ్ళ కిందట కౌండిన్య ఇక్కడ దిగిన మొదటిరోజు, ఊపిరాడక బెంబేలెత్తి కారిడార్‌లో చతికిలబడితే, అక్కే చెయ్యి పట్టుకుని ఆ మాట అంటూ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళూ అతను మర్చిపోయాడనుకున్నాను.

మర్చిపోలేదు. తెర మీద నాడి డెబ్బై ఒకటి నుంచి నూట నలభైకి ఎగిరింది. శేషమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని గంట అయ్యేదాకా ఏడ్చాడు. ఆమె అతని పక్కన కూర్చుని దొండకాయలు తరిగింది.

పది.

షిఫ్టు 4057

తనని భూమికి దింపే కాగితం పట్టుకుని అతనే వచ్చాడు. తన కాగితం మీద తను సంతకం పెట్టుకోకూడదు కాబట్టి ఆట మరమ్మతు మనిషిగా నేను పెట్టాలి. ‘ఆటలో లోపం ఉన్నదా?’ అని ఒకటే ప్రశ్న.

రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది. కూర్చోమనలేదు నేను.

“నీరజాక్షి గారూ, ఆమె హైమ గారే కదూ?”

“అక్క రాసుకున్న మనిషి సార్.”

“నేను ఒక్కసారి, ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి ఉంటే...” కాగితం నా బల్ల మీద పెట్టాడు. “సరే. మీరు నిజం చెప్పండి. ఆటలో ఏదైనా లోపం ఉందా? ఉంటే ఉందనండి. లేకపోతే లేదనండి. ఆ రోజు నేను చూడకుండా రాశాను. మీరు చూసే రాయండి.”

కామాక్షి మాట ఒక్కటి చెబితే చాలు. ఆ పదీ కొట్టేస్తారు. నన్ను కూడా ఏమంత పెద్దగా అనరు.

“లేదు సార్,” అన్నాను. “ఆటలో ఏ లోపమూ లేదు.”

“నాకూ అలాగే అనిపించింది,” అన్నాడు. “ఇంత మంచి ఆట నేను చూడలేదు.”

సంతకం పెట్టాను. వెళ్ళేముందు అతను ఇంకో కాగితం ఇచ్చాడు. పక్కిల్లు తయారుచేసింది హైమ అని, తను కాదని, తన చేత్తో రాసి పై ఆఫీసుకి పంపిన దాని నకలు.

సంతోషం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. కడుపు నిండా వచ్చింది. అతను వెళ్ళాక కామాక్షి మాట మళ్ళీ పెట్టేశాను. ఇక దాన్ని దాచాల్సిన పని లేదుగా.

షిఫ్టు 4068

భూమికి దిగే ఓడ కౌండిన్యని తీసుకుని వెళ్ళింది. ఈ పదకొండు షిఫ్టులూ అతను రోజూ శేషమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె కోసం చూరు బాగుచేశాడు, పిల్లికి పాలు పోశాడు. నాడి ఎంత ఉందో నేను చూడలేదు. చూసినా లెక్కలోకి రాదు.

షిఫ్టు 4099

భూమి నుంచి కబురొచ్చింది. కౌండిన్య గుండె ముప్పయ్యో రోజున ఆగిపోయిందట. అక్క కంటే పది రోజులు ముందే. భోజనాల హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. జల్లెడలు సరే. గొట్టం సరే.

షిఫ్టు 4102

ఎన్నాళ్ళకో ఇవాళ నా గంట నేను శేషమ్మ ఇంట్లో గడుపుదామని వెళ్ళాను. గిన్నెలో పంచదార వేసుకుని వెళ్ళాను. తలుపు తీసి, గిన్నె అందుకోకుండానే అడిగింది.

“ఎదురింటబ్బాయి ఏడమ్మా? కనపట్టం లేదు.”

ఆమె మనుషుల్ని గుర్తుపెట్టుకుంటుందని తెలుసు, అలుగుతుందని తెలుసు. ఎదురుచూస్తుందని అనుకోలేదు.

“ఊరెళ్ళాడు పిన్నిగారూ.”

“ఎప్పుడొస్తాడు?”

“వచ్చేస్తాడు.”

తలూపింది. అతని ఇంటి వైపు చూస్తూ గడపలోనే కూర్చుంది.

షిఫ్టు 4103

గాలి జల్లెడలు దులపలేదు. రేపు దులుపుతాను.

పొద్దున మస్తాన్ బాబాయ్ కనిపించాడు. “ఆ యమ్మ నన్నూ అడిగింది అమ్మాయ్, ఎదురింటాయన ఏమయినాడని. పోయినాడని చెప్పేసినా. ఆ మనిషికి అబద్ధం చెప్పబుద్ధి గాలా.”

ఇద్దరు చెప్పిన మాటలు కలవకపోతే శేషమ్మ రెండోసారి అడుగుతుంది. అదీ అక్క రాసిన నియమమే. అడిగింది. నా గంటలో పంచదార గిన్నెతో వెళితే, నన్ను సూటిగా చూస్తూ అడిగింది.

“ఎదురింటబ్బాయి ఏడమ్మా?”

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. ఊరెళ్ళాడనే వచ్చింది. శేషమ్మ నా గిన్నెలోని పంచదార చూసింది, నా మొహం చూసింది. తలుపేసింది.

గంట ముగిశాక ఫైళ్ళన్నీ ముందేసుకున్నాను. అబద్ధం చెబితే తలుపేసే నియమం ఎక్కడుందో తెలుసు, చెరిపితే తలుపు తెరుచుకుంటుంది. దాని జోలికి పోలేదు. రేపు వెళ్ళి చెప్పాలి, కామాక్షి నోరు నొక్కింది నేనని, సంతకం నాదని, అతన్ని పంపింది నేనేనని. ఎవరైనా వచ్చి అలాంటి మాట చెబితే శేషమ్మ ఏమనాలో అక్క ఎక్కడైనా రాసిపెట్టిందేమోనని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా రెండుసార్లు వెతికాను. రాయలేదు.